ఏడు పలకల ఇసుక

చేతిలోకి సీసా తీసుకుని కళ్ళు మూసుకుంటే చాలు, దాని బరువెంతో వదిన చెప్పేస్తుంది. ఉజ్జాయింపుగా కాదు, గ్రాముతో సహా. రెండువందల పదకొండు అందంటే, కాటా మీద పెట్టినా రెండువందల పదకొండే. సీసాల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే ఈ వేడుక చూపిస్తారు. వాళ్ళు నోరెళ్ళబెడతారు, చూపించేవాళ్ళు తామే బరువు చెప్పినట్టు మీసం మెలేస్తారు. ఫ్యాక్టరీ అంతా ఆవిణ్ణి గ్రాములమ్మ అంటుంది. ఆవిడ ఎదుట కాదనుకోండి. అయినా ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుందని మరిదికీ తెలుసు.

మరిదిదీ అదే ఫ్యాక్టరీ. ఒకే ఇంట్లోంచి బయల్దేరి ఒకే బస్సెక్కి, ఒకే చేత్తో సర్దిన అన్నం డబ్బాలు పట్టుకుని వస్తారు. గేటు దాటాక మాత్రం ఆవిడ కుడివైపుకి, అతను ఎడమవైపుకి. కుడివైపు చివర అచ్చుల విభాగం ఉంటుంది. అక్కడ చెప్పులు బయటే విడవాలి, దుమ్ము రేణువు కనిపిస్తే ఊరుకోరు. ఎడమవైపు చివర బ్యాచ్ షెడ్డు. అక్కడ దుమ్ము తప్ప వేరే ఏమీ కనిపించదు. ఇసుక, సోడా, సున్నపురాయి పొడి, పగిలిన గాజు పెంకులు పాళ్ళ ప్రకారం కలిపి కొలిమిలోకి పంపడం మరిది పని. సాయంత్రానికి తలా మీసం కనుబొమలూ తెల్లబడిపోయి, పిండిమరలోంచి వచ్చినవాడిలా ఉంటాడు. అందుకని అతని పేరు పిండి బాబాయి. కొలిమిలోకి వెళ్ళే సరుకులో ముప్పాతిక వంతు ఇసుకే కాబట్టి మనం ఈ కథలో అన్నిటినీ కలిపి ఇసుకనే అందాం.

అన్నయ్య దర్జీ. భోజనాల దగ్గర ఆయనకి ఒకటే హాస్యం. ఈ ఇంట్లో ఒకరివి గ్రాములు, ఒకరివి టన్నులు, నావి అంగుళాలు, ముగ్గురం కలిసి ఒక్క లెక్కా తేల్చలేం అనేవాడు. ఇరవయ్యారేళ్ళుగా అదే మాట అంటున్నాడు, ఇరవయ్యారేళ్ళుగా అందరూ నవ్వుతూనే ఉన్నారు. అందులో నిజం ఎంతుందో ఆయనకీ తెలీదు పాపం.

వదిన పనితనం గురించి మరిది ఎవరికి చెప్పినా కాస్త పెంచే చెబుతాడు. అసలు పెంచాల్సిన అవసరమే లేదు. ఒక్క గ్రాము తగ్గించడమంటే ఏమిటో చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఆవిడ సీసాని నిలువునా కోయించి, ఆ చెక్కని వెలుతురుకి పట్టుకుని, మెడ నుంచి అడుగున మడమ దాకా గోడ మందం కొలుస్తుంది. సీసా భుజం దగ్గరా మడమ దగ్గరా గాజు మందంగా పేరుకునే చోటు వెతుకుతుంది. దొరికిందంటే, ఇదిగో ఇక్కడ పనీపాటా లేకుండా కూర్చుంది చూడు, అంటుంది. గాజు కాదు, బద్ధకస్తుడైన చుట్టమెవరో ఇంట్లో తిష్ఠ వేసినట్టు మాట్లాడుతుంది. తర్వాత ఇనప అచ్చు లోపలివైపు వెంట్రుకవాసి గీకుతుంది, గంటలకొద్దీ, ఆకురాయి కాగితంతో, వేలి కొసతో తడుముకుంటూ. మళ్ళీ సీసా పోయిస్తుంది. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటుంది. మోత సరిగ్గా లేకపోతే వారం పని గంగపాలే. మొహంలో విసుగన్నది కనపడదు, మళ్ళీ మొదటినుంచీ.

అలా, చేరినప్పుడు నాలుగువందల ఇరవై గ్రాములున్న కూల్‌డ్రింకు సీసాని ఇరవయ్యారేళ్ళలో రెండువందల పదికి తెచ్చింది. మొదటి గ్రాము తగ్గిన రోజు ఫ్యాక్టరీ అంతా మిఠాయి పంచింది. ఇప్పటి సీసా రెండు పెడితే గానీ అప్పటి సీసా ఒకదానికి సరితూగదు. ఆవిడ చదివింది పెద్ద చదువు కాదు. బొమ్మలు పోతపోసే చోట పనిచేసి వచ్చిన మనిషి. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళు వచ్చి ఆవిడ పక్కన నోరు మూసుకుని నిలబడి నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. అది చూసినప్పుడల్లా మరిది, మా వదినే అని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచేవాడు.

మరిది విషయం వేరు. చేరిన మొదటి వారమే లెక్క తప్పాడు. సోడా ఒకసారి వేసింది మరిచి రెండోసారి వేశాడు. ఆ పూట గాజంతా చెడిపోయింది, ఉద్యోగం ఊడినంత పనయింది. అప్పుడు వదిన చెత్త గాజుతో నున్నటి గోళీలు పది చేయించి తెచ్చింది. చెక్కపలకకి పది గుంటలు తవ్వించింది. ఒక బ్యాచ్ పంపితే ఒక గోళీ గుంటలో పెట్టు, ఇంక తప్పుదామన్నా తప్పలేవు, అంది. బ్యాచ్ అంటే రెండు టన్నులు. ఆ రోజుల్లో రోజంతా కలిపి పది బ్యాచ్‌లు. పలక నిండితే రోజు నిండినట్టు.

కంప్యూటర్లొచ్చాయి, తెరలొచ్చాయి, పలక మాత్రం పోలేదు. మరిది పోనివ్వలేదు. కరెంటు పోయినా గోళీ అబద్ధం చెప్పదని అతని నమ్మకం. ఎటొచ్చీ పలక ఒక్కటి చాలలేదు. ఫ్యాక్టరీ పెరిగింది, కొలిమి పెరిగింది, గోడమీద రెండో పలక వచ్చింది. కొన్నేళ్ళకి మూడోది, తర్వాత నాలుగోది. ఇప్పుడు ఏడు. డెబ్భై గుంటలు, డెబ్భై గోళీలు, రోజుకి నూట నలభై టన్నులు. కొత్త పలక కొట్టించిన ప్రతిసారీ మరిది ఛాతీ ఉబ్బేది. ఎదుగుతున్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఉండే సంతోషమే అది, దాన్ని తప్పుపట్టక్కర్లేదు.

వదిన బ్యాచ్ షెడ్డుకి ఎప్పుడూ వచ్చేది కాదు. ఆ దుమ్ము ఒంటికి అంటుకుంటే అచ్చుల దగ్గరికి రానివ్వరు. ఏడాదికొకసారి అన్నం వడ్డిస్తూ, నా పది గోళీలు ఉన్నాయా మరిదీ, అని అడిగేది. ఉన్నాయి వదినా, భద్రంగా ఉన్నాయి, అనేవాడు. అబద్ధం కాదు. ఆ పదీ భద్రంగానే ఉన్నాయి, పక్కన ఇంకో అరవై చేరాయన్నదే చెప్పలేదు. మొదట్లో చెప్పే అవసరం తోచక. తర్వాత్తర్వాత, చెప్పాలంటే ఏదో అడ్డుపడి.

ఆ అడ్డుపడ్డదేమిటో రెండేళ్ళ కిందట తెలిసింది. వదిన సీసాని సగం బరువుకి తెచ్చిందని గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. సీసాకి రెండువందల పది గ్రాముల చొప్పున, రోజుకి నూట నలభై టన్నుల ఇసుక మిగిల్చిన మహాతల్లి అని రాసి, ఆవిడ ఫొటో, చుట్టూ పూలు. మరిది బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. మిగిల్చింది నూట నలభై. తను రోజూ కొలిమిలోకి తోస్తున్నదీ నూట నలభయ్యే. మిగిలిన ఇసుక ఎక్కడ పోశారో అతనికి కనిపించలేదు. పోసిన ఇసుక ఎక్కణ్ణించి వస్తోందో మాత్రం కనిపిస్తోంది.

ఇంట్లో వంటింటి కిటికీలోంచి ఒకప్పుడు తెల్లటి ఇసుకదిబ్బ కనిపించేది. సాయంత్రం ఎండ పడితే దాని అంచు మెరిసేది. దిబ్బ కింద ఊటనీళ్ళ మడుగు, దాని చుట్టూ తుంగ. ఇప్పుడు ఆ కిటికీలోంచి లారీల బాట, ఆ వెనక ఆకాశం. వదిన అప్పుడప్పుడూ అంట్లు తోముతూ ఆగి, ఎదురుగా ఏదో లేనట్టుందేమిటే, అని తోడికోడల్ని అడిగేది. మరిది భార్య కాస్త నోరున్న మనిషి. ఏముంది అక్కా, మనం తాగేశాం, అంది ఒకసారి. అందరూ నవ్వేశారు, మరిది తప్ప.

అసలు కథ ఈ ఏడాది మొదలైంది. వదినకి ఎప్పటినుంచో ఒక కల ఉంది. నూట అరవై గ్రాముల సీసా. ఎవరూ చెయ్యలేరన్నారు, ఆవిడ అచ్చు గీసేసింది. నమూనా సీసా గుడ్డుపెంకులా తేలిగ్గా, కంచుగంటలా గట్టిగా వచ్చింది. యజమాని దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి తిప్పి చూశాడట. తర్వాత పెద్ద కబురు చెప్పాడు. ఆ సీసా కోసం ఇప్పటి కొలిమి తీసేసి కొత్తది కడతారు, దీనికన్నా బాగా పెద్దది. దానికి వదిన పేరే పెడతారు. అచ్చు పటం మీద ఆవిడ ఆఖరి సంతకం పడగానే శంకుస్థాపన. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. ఆ వారమంతా ఆవిడ ఇంట్లో కూనిరాగాలు తీస్తూ తిరిగింది.

అదే వారం బ్యాచ్ షెడ్డుకి వడ్రంగి వచ్చి అయిదు కొత్త పలకలు దించిపోయాడు. కొత్త కొలిమికి రోజుకి నూట ఇరవై బ్యాచ్‌లు కావాలి. ఇసుక ఎక్కడిదని అడిగితే, రెండో దిబ్బ ఉందిగా అన్నారు. మరిది ఆ పలకల్ని సున్నం బస్తాల వెనక దాచాడు, దొంగసొత్తు దాచినట్టు.

ఆ సాయంత్రం భార్యతో చెప్పుకున్నాడు. ఏడుకి పన్నెండు అవుతున్నాయి, సీసా బరువు తగ్గినకొద్దీ పలకలు పెరుగుతున్నాయి, ఇందులో ఏదో తిరకాసు ఉంది, వదినకి చెప్పనా వద్దా అని. నీ తిరకాసు నువ్వే ఉంచుకో, ఆవిడ సంతోషాన మట్టి కొట్టకు, అంది భార్య. కాసేపాగి, చెప్పకపోతే మాత్రం నీకు నిద్ర పడుతుందా, అని కూడా అంది. ఈ రెండు మాటలతో మరిది ఎటూ తేల్చుకోలేక నలిగిపోయాడు. పాతికేళ్ళ పనిని ఒక్క మాటతో నేలపాలు చేసే ధైర్యం అతనికి లేదు. ఆవిడంటే అతనికి అంత గౌరవం. ఆ గౌరవమే నోరు నొక్కేసింది.

చెప్పే పని అతనికి లేకుండానే పోయింది. నమూనా సీసాల్లో వందకి రెండు పగులుతున్నాయి. వదిన పగిలిన ముక్కని భూతద్దం కింద పెట్టి చూస్తే, గోడలో కరగని ఇసుకరేణువు ఒకటి కనపడింది. మందం సీసా అయితే అలాంటివి పది దిగమింగుకుంటుంది, పల్చటి సీసాకి ఒక్కటి చాలు. జల్లెడ ఎక్కడో చిరిగి ఉంటుందనుకుని, మరిదికి కబురు పెట్టకుండా, తలకి గుడ్డ చుట్టుకుని తనే బ్యాచ్ షెడ్డుకి నడిచి వచ్చింది. ఇరవయ్యారేళ్ళలో అదే మొదటిసారి. జల్లెడ చూడ్డానికి వచ్చిన మనిషి జల్లెడ దాకా వెళ్ళలేదు. గోడ దగ్గరే ఆగిపోయింది.

ఏడు పలకలు ఒకదాని కింద ఒకటి. అన్నిటికన్నా పైన ఆవిడ తవ్వించినదే, చెయ్యి తగిలి తగిలి అంచులు నల్లబడి.

"ఒక్కటే కదా ఉండాలి," అంది వదిన.

మరిది చేతిలోని పార కింద పెట్టాడు. ఇంక దాచేందుకేముంది, వరసగా చెప్పేశాడు. ఏ ఏడాది ఏ పలక వచ్చిందో చెబుతుంటే ఆవిడ ప్రతిదానికీ తన లెక్క పక్కన చేర్చుకుంటూ పోయింది. రెండో పలక వచ్చిన ఏడాది సీసా మూడువందల అరవై. మూడో పలక వచ్చిన ఏడాది మూడువందల పది. ఆ మూడో పలక దగ్గర ఆవిడ లెక్క ఆపింది. ఆ ఏడాదే కూల్‌డ్రింకు కంపెనీవాళ్ళు, ఖాళీ సీసాలు వెనక్కి తెప్పించి కడిగే హాలు మూసేశారు. సీసా పల్చబడ్డాక కడిగే యంత్రంలో నిలవలేదు, ఒకదానికొకటి తగిలి పగిలిపోయేది. అయినా ఇంత చవకైన సీసాని మళ్ళీ తెచ్చుకుని కడగడమెందుకు, పారేస్తే పోలా అన్నారు. వదిన అప్పుడు అది తన విజయమే అనుకుంది. అంతకుముందు ఒక్కో సీసా పదిసార్లు నిండేది.

బస్తాల వెనక కొత్త పలకల అంచు కూడా ఆవిడ కంట పడింది. మరిది అడ్డం నిలబడబోయాడు గానీ ఆవిడ చూపుకి అడ్డం నిలబడే మొనగాడెవరు.

"అవి?"

"కొత్త కొలిమికి, వదినా."

ఆవిడ బస్తా మీద కూర్చుంది. దుమ్ము చీరకంతా అంటుకుంది, దులుపుకోలేదు. "ఎప్పటినుంచి తెలుసు నీకు?" అంది. బోర్డు పెట్టినప్పటినుంచి అని చెప్పాడు. నీ మనసు కష్టపడుతుందని, నీ పేరు, అంటూ నసిగాడు.

"నన్ను అంత పిరికిదాన్ననుకున్నావా? నా పేరు కాపాడదామని రెండేళ్ళు ఊరుకున్నావు. ఆ రెండేళ్ళ ఇసుక ఎవరు తెచ్చిస్తారయ్యా?"

మరిదికి ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే ఆవిడే మెత్తబడి, నిన్నని ఏం లాభం, ఒకే కుండలో అన్నం తింటూ నేనూ అడగలేదుగా, అంది. లేచి, పై పలకలోంచి ఒక గోళీ తీసి వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ గుంటలో పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత మూడు రోజులు ఇంట్లో కూనిరాగాలు లేవు. అన్నయ్య తన హాస్యం ఒకసారి వేసి, ఎవరూ నవ్వకపోతే కంగారుపడి మళ్ళీ వెయ్యలేదు. వదిన పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళి, అచ్చుల దగ్గరికి కాక పాత ఇనప సామాను గోదాముకి పోయేది. తుప్పు మరకల చేతులతో సాయంత్రం వచ్చేది. ఇంట్లో మంచినీళ్ళకి వాడే పాత సీసా ఒకటుంది, మొట్టమొదటి నాలుగువందల ఇరవై. భుజం చుట్టూ, మడమ చుట్టూ రాపిడికి తెల్లటి వలయాలు పడ్డ సీసా. భోజనాల బల్ల దగ్గర దాన్ని ముందు పెట్టుకుని ఆ వలయాల్ని వేలితో తడుముతూ కూర్చునేది. మనిషి కుంగిపోయిందనే మరిది అనుకున్నాడు. తన మౌనమే ఆవిణ్ణి ఇలా చేసిందని లోపల్లోపల కుమిలిపోయాడు. ఇన్నేళ్ళు చూసి కూడా వదిన ఎలాంటి మనిషో అతనికి పూర్తిగా అర్థం కాలేదన్నమాట.

సంతకం రోజు పొద్దున్న బస్సులో ఆవిడ ఒక్కటే మాట చెప్పింది. ఆ ఏడు పలకలూ గోళీలతో సహా యజమాని గదికి పట్టుకురా.

తోపుడుబండి మీద పలకలు పెట్టుకుని, దారంతా గోళీల చప్పుడుతో, తెల్లటి అడుగులు తివాచీ మీద వేసుకుంటూ మరిది ఆ గదిలోకి వెళ్ళాడు. ఫ్యాక్టరీలో చేరాక ఆ గది చూడ్డం అదే మొదలు. యజమాని, అమ్మకాల మేనేజరు, బల్ల మీద పటం, పక్కన ఖరీదైన కలం. వదిన పటాన్ని జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టింది. ఆ చోట పలకలు పరిపించింది. యజమాని మొదట తివాచీ వంక చూశాడు, తర్వాత పలకల వంక.

వదిన గొంతు పెంచలేదు. పని నేర్పేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ నేను సీసాని తూచానండీ. తూచాల్సింది సీసాని కాదు. ఒక మనిషికి ఒక్కసారి దాహం తీరాలంటే ఎంత ఇసుక కరగాలో, అది. నేను చేరినప్పుడు సీసా నాలుగువందల ఇరవై, పదిసార్లు నింపేవాళ్ళు. దాహానికి నలభై రెండు గ్రాములు. ఇవాళ సీసా రెండువందల పది, ఒక్కసారికే చెత్తలోకి. దాహానికి రెండువందల పది. ఇరవయ్యారేళ్ళు కష్టపడి నేను నలభై రెండుని రెండువందల పది చేశానండీ. తగ్గిస్తున్నాననే అనుకున్నాను."

 మరిది తోపుడుబండి వదిలి ముందుకి జరిగాడు. వదిన తన పరువుని తనే బల్ల మీద పెట్టి కోసి చూపిస్తోంది, సీసాని కోసినట్టు. అంతకన్నా గొప్ప పనితనం అతను ఆ ఫ్యాక్టరీలో ఎన్నడూ చూడలేదు.

అమ్మకాల మేనేజరు తేరుకుని, ఇన్నేళ్ళలో తాగేవాళ్ళు పెరిగారు కదా మేడమ్ అన్నాడు. పెరిగారు, ఒకటిన్నర రెట్లు, మీ కాగితాల్లోనే చూశాను, పలకలు ఏడు రెట్లు పెరిగాయి, అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆయన ఇంక ఆ దారిన వెళ్ళలేదు. యజమాని చెడ్డవాడు కాదు, బరువు మోస్తున్నవాడు. పెరగని ఫ్యాక్టరీ పడిపోతుందమ్మా, వెయ్యి కుటుంబాలున్నాయి, వాళ్ళకి నేనేం చెప్పను, అన్నాడు. అది కొట్టిపారేసే మాట కాదు. వదిన కూడా కొట్టిపారేయలేదు. సంచిలోంచి వేరే పటం తీసింది.

మూడువందల ఎనభై గ్రాముల సీసా. పాత గోదాములోని అచ్చు తీసి, మూడు రోజులు కూర్చుని గీసింది. మడమ దగ్గరా భుజం దగ్గరా గాజు మళ్ళీ చేర్చింది. అయితే పాతదానిలా గుడ్డిగా కాదు, రాపిడి ఎక్కడ పడుతుందో ఇంట్లోని సీసా వలయాలు కొలిచి, సరిగ్గా ఆ చోటే. ఇరవయ్యారేళ్ళు ఏ చోట గాజు పనిలేకుండా కూర్చుందని గీకిందో, ఆ చోట్లలో కొన్నిటికి ఒకప్పుడు పని ఉండేదని ఇప్పుడు తెలుసుకుంది. ఇరవై అయిదుసార్లు నింపినా తట్టుకుంటుంది అంది. ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా ఇచ్చే పద్ధతి మళ్ళీ పెడితే జనం తెస్తారు, మన నాన్నలు తెచ్చేవాళ్ళు. ఇసుక తోసేవాళ్ళలో కొందరికి కడగడం, ఏరడం, పెట్టెలకెత్తడం పని అవుతుంది. సీసాని అమ్మేయకుండా, నింపిన ప్రతిసారీ కంపెనీవాళ్ళ దగ్గర ఇంతని తీసుకుంటే, తాగేవాళ్ళు పెరిగినా ఫ్యాక్టరీ బతుకుతుంది, పలకలు పెరగక్కర్లేదు.

"దాహానికి పదిహేను గ్రాములండీ. నాకింకా గ్రాములు తగ్గించాలనే ఉంది. ఈసారి నిజంగా."

యజమాని పలకల మీదికి వంగాడు. ఒక గోళీ తీసి, ఇది ఒకటి ఎంతని మరిదిని అడిగాడు. రెండు టన్నులండీ అన్నాడు మరిది. ఆయన దాన్ని తొందరగా కింద పెట్టేశాడు, చెయ్యి కాలినట్టు. చివరికి ఒక మాట ఇచ్చాడు. కొత్త కొలిమి ఏడాది ఆగుతుంది. ఒక యంత్రం మీద, ఒక్క ఊరికి మాత్రం బరువు సీసా చేద్దాం. ఏడాది తర్వాత పలకలు ఏం చెబితే అది. కొలిమికి మీ పేరు పెట్టడం కూడా ఆగిపోతుందమ్మా, అన్నాడు కాస్త ఇబ్బందిగా. దానికి వదిన నవ్వేసింది. ఆ పేరు మా ఆయన కొట్టు బోర్డు మీద పెట్టుకుంటాను లెండి అంది. గుడ్డుపెంకులాంటి ఆ నూట అరవై గ్రాముల సీసాని చేతి రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆ చుట్టడంలో మాత్రం చేతులు కాస్త ఆలస్యం చేశాయి. మరిది చూపు తిప్పుకున్నాడు.

ఆ ఏడాది ఏమంత సాఫీగా గడవలేదు. మొదటి నెలల్లో వెళ్ళిన సీసాల్లో సగం కూడా తిరిగి రాలేదు. వచ్చినవాటిలో ఒకదాంట్లో చీమలు, ఒకదాంట్లో కిరసనాయిలు. ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన కడిగే హాలుకి మార్చిన బ్యాచ్ షెడ్డు మనుషులు, పొడి దుమ్ము పోయి తడి దరిద్రం పట్టుకుందని సణిగారు. అమ్మకాల మేనేజరు వారానికొకసారి వచ్చి, నేను ముందే చెప్పానుగా అని చెప్పి వెళ్ళేవాడు. వదిన సీసాలు వచ్చే చోట బల్ల వేసుకుని కూర్చుంది. తిరిగొచ్చిన ప్రతి సీసానీ పట్టి, వలయం ఎంత తెల్లబడిందో చూసి, ఇది నాలుగోసారి, ఇది ఆరోసారి అని చెప్పేది. బరువు చెప్పే వేడుక పోయి ఈ వేడుక వచ్చింది. అలవాటు ఊళ్ళోకి మెల్లగా వచ్చింది, ఒక దుకాణం తర్వాత ఒకటి. పక్క ఊరి దుకాణాలవాళ్ళు మాకెందుకు పంపరని వాళ్ళే అడిగారు. రెండో యంత్రం కూడా బరువు సీసాకి మారింది.

వదిన రిటైరయ్యే రోజు సన్మానం పెడతామంటే వద్దంది. గేటు దగ్గరి బోర్డు దింపించేస్తే అదే చాలంది. సాయంత్రం షిఫ్టు ముగిసే వేళకి తలకి గుడ్డ చుట్టుకుని బ్యాచ్ షెడ్డుకి వచ్చింది. మరిది ఆఖరి బ్యాచ్ పంపి, గోళీ గుంటలో పెట్టి, పలకల పక్కన నిలబడ్డాడు. ఆరు పలకలు నిండాయి. ఏడో పలకలో ఒక్కటే గోళీ. మిగతావి ఖాళీ గుంటలు.

మరిది చొక్కా జేబులో చెయ్యి పెట్టి మిగిలిపోయిన గోళీల్ని తీశాడు. తొమ్మిది. ఆవిడ దోసిట్లో పోశాడు. ఆవిడ అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుంది.

"ఎన్ని గ్రాములు వదినా?" అన్నాడు, ఆటపట్టిద్దామని.

"పద్దెనిమిది టన్నులు," అంది వదిన.

గొంతు బొంగురుపోయింది. దుమ్ము, అంది తనే. అవును వదినా, ఇక్కడ దుమ్మెక్కువ, అన్నాడు మరిది. ఇద్దరూ చేతులు దులుపుకుని బస్సు కోసం గేటు వైపు నడిచారు.